శబ్ద నివేదిక, శనివారం

నా పని వినడం కాదు, కొలవడం.
హడర్స్‌ఫీల్డ్ న్యూ స్ట్రీట్‌లో, మూతపడ్డ చెప్పుల షాపు ముందు
మూడు కాళ్ల స్టాండు మీద మీటరు నిలబెట్టి
దాని నెత్తికో నురగ టోపీ తొడిగి
పక్కనే నించుంటాను, కౌన్సిల్ ఇచ్చిన పసుప్పచ్చ కోటులో.

పదీ నలభైకి బ్రదర్ క్లిఫర్డ్ వస్తాడు
మొండికేసిన మేకను లాక్కొచ్చినట్టు స్పీకరు ఈడ్చుకుంటూ.
ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషి.
ఇప్పుడు స్టాపు లేని చోట అందర్నీ దిగమంటున్నాడు.
"అగ్నిగుండం" అన్నాడు. డెబ్భై తొమ్మిది.
"పశ్చాత్తాపం" అన్నాడు. ఎనభై మూడు.
రెంటి మధ్యా ఊపిరి పీల్చినప్పుడు అరవై ఒకటి,
అందులో పావురాలు కూడా ఉన్నాయి.

పదకొండుకి వాళ్లొచ్చారు.
ఏడు రంగుల జెండా భుజాన కప్పుకుని టామ్సిన్,
వెనక ఈలలు, గిన్నెల మూతలు,
అట్ట మీద నినాదం రాసుకొచ్చిన ఒక కుర్రాడు.
చివరికొచ్చేసరికి చోటు చాలక
వాడి "ప్రేమ" ఇరుకున పడింది.
ఎనభై ఎనిమిది.

"మాట్లాడే హక్కు నాది" అంటాడు క్లిఫర్డ్.
"మాట్లాడే హక్కు మాది" అంటుంది టామ్సిన్.
విడివిడిగా నా దగ్గరికొచ్చారిద్దరూ,
అదే చూపుడు వేలు, అదే ప్రశ్న:
"వాళ్లదే ఎక్కువుంది కదూ?"

పన్నెండు కొట్టింది చర్చి గంట. తొంభై ఒకటి.
గంటకి మినహాయింపు ఉంది.
వెనక్కి నడుస్తూ కూతపెట్టే చెత్త లారీకి కూడా.

బెంచీ మీద ఒకామె బర్గర్ తింటూ ఇదంతా చూస్తోంది.
చెవి వెనక యంత్రం తీసి ఒళ్లో పెట్టుకుంది.
మైకు నోట్లో పెట్టుకున్నంత పని చేస్తున్న క్లిఫర్డ్‌ని చూపించి
చేతులతో అడిగింది నన్ను: ఏం తింటున్నాడు?
శంఖమూదితే ఎముకెందుకు కొరుకుతున్నావన్నాడట చెవిటివాడు.
ఇన్నేళ్లూ ఆ సామెతలో
నవ్వాల్సింది అతన్ని చూసి అనుకున్నాను.

నాకూ ఒక పక్షం ఉంది. దాచను.
లీడ్స్‌లో మా తమ్ముడు, వాడి రాబీ, ఒక కుంటి పిల్లి.
క్లిఫర్డ్ "అసహజం" అన్నప్పుడల్లా
కోటు జేబులో ఫోను బరువెక్కుతుంది.
మీటరు మాత్రం మామూలుగా
ఎనభై రెండు, ఎనభై రెండు.

ఒంటిగంటకి వాన మొదలైంది. ఎవరో స్పీకరు వైరు పీకేశారు.
క్లిఫర్డ్ ఆగలేదు. వాక్యం మధ్యలో ఉన్నాడు.
అసలు గొంతు అప్పుడు తెలిసింది,
టికెట్టుకి చిల్లర లేదని చెప్పే గొంతు.
అరవై నాలుగు.
వీధంతా కేరింతలు కొట్టింది. తొంభై నాలుగు.

నేనూ నవ్వబోయాను.
తమ్ముడు మా హాల్లో నించుని
ఉన్నమాట చెప్పిన సాయంత్రం గుర్తొచ్చింది.
ఎవరూ అరవలేదు. కొట్టలేదు.
నాన్న రిమోట్ అందుకుని
టీవీ సౌండు పెంచాడు, అంతే.
వాడి పెదాలు ఇంకాసేపు కదిలాయి.
పక్కనే ఉన్నాను. రిమోట్ లాక్కోలేదు.

తడి రాళ్ల మీద మోకాళ్లూని
క్లిఫర్డ్ వైరు వెతుక్కుంటున్నాడు.
టామ్సిన్ చూసింది. ఈల నోట్లోనే ఉంది,
ఊదలేదు, తియ్యలేదు.

సోమవారానికి ఫారం నింపాలి.
అత్యధిక శబ్దం: తొంభై నాలుగు.
శబ్దానికి కారణం: ఒకడి నోరు ఆగినందుకు.
ఇది కొట్టేసి మళ్లీ రాయమంటారు, తెలుసు.

బస్సులో కూచుని తమ్ముడికి ఫోన్ చేశాను.
మోగింది, మోగింది. ఎత్తలేదు.
ఏదో పాట పెట్టుకుని
సౌండు పెంచుకుని ఉంటాడు.